ఇల్లు ముందే చెబుతుంది

మా నాన్న పైపుల మిస్త్రీ. గోపాల్‌పూర్‌లో ఎవరింట్లో కుళాయి కారినా, గీజరు కాగకపోయినా, ఏసీ చల్లగా రాకపోయినా నాన్నకి ఫోను వస్తుంది. పొద్దున్నే టీ తాగి, సంచిలో పైపు పానా, టెఫ్లాన్ టేపు, రకరకాల వాషర్లు వేసుకుని బండెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటికి రావడం. చిన్న తరగతుల్లో ఎవరైనా "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగితే "కాంట్రాక్టు పనులు" అని చెప్పేదాన్ని. మిస్త్రీ అని చెప్పడానికి సిగ్గుగా ఉండేది. కిందటి జనవరిలో మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. ఆ తరవాత ఆ సిగ్గు పోయింది. అదేమిటో చెప్పే ముందు మా ఊరి గురించి, మా ఇంటి గురించి కొంచెం చెప్పాలి.

గోపాల్‌పూర్ బరంపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న పాత ఊరు. బ్రిటిషు వాళ్ళ కాలంలో ఇక్కడ రేవు ఉండేది. ఓడలు రంగూను దాకా వెళ్ళేవి. ఆ రేవు స్తంభాలు ఒడ్డున మిగిలి ఉన్నాయి. ఆ రోజుల్లో కట్టిన బంగళాలు కొన్ని హోటళ్ళయ్యాయి. కొన్నింటికి కప్పు పోయి గోడలు మాత్రం నిలబడ్డాయి. చిన్నప్పుడు వాటిని చూపించి "తుపానుకి పడిపోయాయా నాన్నా?" అని అడిగాను. "తుపాను చివర్లో వచ్చిందమ్మలూ. అంతకుముందే ఎవరూ చూసుకోక పడిపోయాయి" అన్నారు. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు.

మాదీ పాత ఇల్లే. తాతగారి నాన్న కట్టించారు. సున్నంతో కట్టిన లావు గోడలు, ఎత్తైన కప్పు, కప్పు కింద వెంటిలేటర్లు, ముందు వరండా, వెనక నుయ్యి. సముద్రం మా వీధి చివరే. గాలి వీచే రోజున పెదవి నాకితే ఉప్పగా తగులుతుంది. ఆ ఉప్పే మా ఊళ్ళో అన్ని ఇళ్ళకీ శత్రువు. కిటికీ ఊచలు, తలుపు బందులు, ఫ్యాను కొక్కెం, నీళ్ళ పైపు, అన్నింటినీ తింటుంది. బరంపురంలో ఏళ్ళ తరబడి ఉండే ఇనుప గేటు మా ఊళ్ళో రంగు వెయ్యకపోతే కొన్నాళ్ళకే పొరలు పొరలుగా రాలిపోతుంది.

ఈ ఏడాది సైన్సులో లోహాల పాఠం చదువుతుంటే దీని కారణం తెలిసింది. ఇనుము తుప్పు పట్టాలంటే గాలీ తేమా రెండూ కావాలి. ఉప్పు గాల్లోని తేమను పట్టి ఉంచుతుంది. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కాబట్టి తుప్పు పని ఇంకా వేగంగా జరుగుతుంది. అందుకే పాతకాలం జీఐ పైపులకి జింకు పూత పూసేవారు. జింకు ముందు తను అరిగి ఇనుమును కాపాడుతుంది. ఆ పూత అయిపోయాక ఇనుము వంతు. పాఠం చదువుతున్నప్పుడు ఇదంతా మా పెరట్లో ఎప్పుడో చూశాననిపించింది.

ఇక ఆ సంగతి.

మా మామ్మకి మోకాళ్ళ నొప్పులు. పెరట్లో కట్టెల పొయ్యి మీద కాగు పెట్టి నీళ్ళు కాచుకోవడం, బకెట్టు మోసుకోవడం కష్టమవుతోందని నాన్న ఆవిడ కోసం స్నానాలగదిలో గీజరు పెట్టారు. అప్పటికి ఆరేళ్ళయింది. పెట్టినరోజు తరవాత దాన్ని మళ్ళీ ఎవరూ విప్పి చూడలేదు. ఊరందరి గీజర్లూ విప్పే మనిషికి సొంత ఇంట్లోది విప్పడానికి తీరిక లేదు.

సంక్రాంతి వెళ్ళిన వారం. నేను పరీక్షకి చదువుకుంటున్నాను. మామ్మ స్నానం చేసి వచ్చి, తడి చెయ్యి చీరకి తుడుచుకుంటూ, "ఏటే, ఆ కుళాయి ముట్టుకుంటే చెయ్యి చిమచిమలాడతంది. నాన్నకి చెప్పవే" అంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండానే "చలికేమో మామ్మా" అన్నాను. మర్నాడు మళ్ళీ అదే మాట చెప్పింది. "సరే, చెప్తాలే" అన్నాను. నాన్న ఆ రాత్రి ఆలస్యంగా వచ్చారు. నేను అప్పటికే నిద్రపోయాను. ఆ తరవాత మరిచిపోయాను.

నాలుగో రోజు పొద్దున్న నాన్న ఒక హోటల్లో పనికి వెళ్ళిపోయారు. అమ్మ వంటింట్లో ఉంది. రెండో తరగతి చదివే మా తమ్ముడు స్నానానికి వెళ్ళాడు. ఒక్కసారి బకెట్టు పడిన చప్పుడు వినిపించింది. తరవాత ఏమీ వినిపించలేదు. తలుపు తోసి చూస్తే వాడు తడి నేల మీద నిలబడి ఉన్నాడు. చెయ్యి కుళాయికి అతుక్కుపోయింది. నోరు తెరిచి ఉంది గానీ గొంతు రావటం లేదు. నేను వాడి భుజం పట్టుకుని లాగబోయాను.

"ముట్టుకోకే! మెయిను తియ్యి, మెయిను!" అని వెనకనుంచి మామ్మ అరిచింది. ఆవిడ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. వరండాలోకి పరిగెత్తి మెయిన్ స్విచ్ కిందకి లాగాను. వెనక్కి వచ్చేసరికి తమ్ముడు నేల మీద పడి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు విని అమ్మ కూడా ఏడ్చింది. నాకు మాత్రం ఆ ఏడుపు కంటే మంచి శబ్దం లేదనిపించింది.

బరంపురం ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఈసీజీ తీశారు. సాయంత్రం దాకా ఉంచి చూసి, భయం లేదని పంపించారు. చూపుడు వేలి మీద చిన్న కాలిన మచ్చ మిగిలింది. ఇప్పటికీ ఉంది. ముట్టుకోవద్దని నీకెలా తెలుసని తరవాత మామ్మని అడిగితే, ఆవిడ చిన్నతనంలో తెగిపడిన కరెంటు తీగ తగిలి ఒక ఆవు పడిపోయిందట. దాన్ని లాగబోయిన మనిషి కూడా పడిపోయాడట. అది తన కళ్ళతో చూసిందట.

ఆ రాత్రి నాన్న గీజరు దించారు. నేను టార్చి పట్టుకున్నాను. పక్కన మూడు వస్తువులు వరసగా పెట్టి ఒక్కొక్కటీ చూపించారు.

మొదటిది నీళ్ళు కాచే ఎలిమెంటు. దాని మీద సున్నంలాంటి తెల్లటి పొర వేలెడు మందాన పేరుకుపోయింది. మా నూతి నీళ్ళు కొంచెం ఉప్పగా ఉంటాయి. నీళ్ళు కాగినప్పుడు అందులోని లవణాలు ఎలిమెంటు మీద అట్టకడతాయి. ఆ అట్ట వల్ల వేడి నీటిలోకి పోక ఎలిమెంటులోనే ఉండిపోతుంది. చివరికి దాని తొడుగు బీటలు వారుతుంది. ఆ బీటలోంచి కరెంటు నీళ్ళలోకి దిగుతుంది.

రెండోది మెగ్నీషియం కడ్డీ. గీజరు లోపలి ట్యాంకు తుప్పు పట్టకుండా దాన్ని పెడతారు. ఇనుముకంటే మెగ్నీషియానికి చర్యాశీలత ఎక్కువ కాబట్టి ముందు అది అరుగుతుంది, ట్యాంకు నిలుస్తుంది. కొత్తలో బొటనవేలంత లావు ఉండాల్సింది. మాదాంట్లో సన్నటి తీగ ముక్క మిగిలింది. ఉప్పునీళ్ళున్న చోట దాన్ని ఏడాదికోసారి చూసి, అరిగితే మార్చాలి. మేము ఆరేళ్ళు చూడలేదు.

మూడోది ఎర్తు తీగ. గీజరు లోపల ఎక్కడైనా కరెంటు కారితే దాన్ని మనిషి ఒంట్లోంచి కాక భూమిలోకి పంపించేది ఇదే. పెరట్లో భూమిలోకి దించిన ఇనుప పైపుకి ఆ తీగ బిగించి ఉంటుంది. నాన్న అక్కడ తవ్వి చూస్తే బోల్టు దగ్గర తుప్పు తినేసి తీగ విడిపోయి ఉంది. పైనుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. మట్టి కింద తెగిపోయింది.

అప్పుడు నేను ఏడుస్తూ చెప్పాను. "మామ్మ నాలుగురోజుల నుంచి చెబుతోంది నాన్నా. నేనే మీకు చెప్పలేదు." నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఆ తుప్పు బోల్టుని చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. తరవాత అన్నారు: "నాకూ చెప్పిందమ్మలూ. ఆదివారం చూస్తాలే అన్నాను."

మా ఇద్దరి మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు. కానీ మరుసటి ఆదివారం నాన్న ఏ పనికీ వెళ్ళలేదు. పెరట్లో కొత్త గొయ్యి తవ్వి కొత్త ఎర్తు వేశారు. ఎలిమెంటు, కడ్డీ మార్చారు. మీటరు బోర్డు పక్కన ఆర్‌సీసీబీ అనే చిన్న పెట్టె బిగించారు. కరెంటు వెళ్ళిన దారిన తిరిగిరాకుండా ఎక్కడైనా పక్కకి కారితే, 30 మిల్లీ యాంపియర్లకే అది రెప్పపాటులో సప్లయి ఆపేస్తుంది. ఫ్యూజు ఆ పని చెయ్యదు. మనిషి ప్రాణం తీసే కరెంటు ఫ్యూజును కాల్చడానికి ఏమూలకీ చాలదు. ఆ పెట్టె మీద ఉన్న చిన్న మీట నెలకోసారి నొక్కి చూడాలి. వెంటనే కరెంటు పోతే పెట్టె పనిచేస్తున్నట్టు. దానికి ఎర్తు తోడు ఉండాలి, ఎర్తుకి అది తోడు ఉండాలని నాన్న చెప్పారు.

ఆ రోజే నేను ఒక నోటుపుస్తకం తీశాను. తేదీ, ఏం చూశాం, ఏం కనిపించింది, ఏం చేశాం అని నాలుగు గళ్ళు గీశాను. కాసేపు ఆలోచించి ఐదో గడి కూడా గీశాను: ఎవరు చెప్పారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున్న నాన్నా నేనూ ఇల్లంతా తిరుగుతున్నాం. మొదట్లో నాన్న వెనక నేను తిరిగేదాన్ని. ఇప్పుడు నేను ముందు తిరిగి చెబితే నాన్న పానా పట్టుకుని వస్తున్నారు.

మొదటి నెలలో దొరికినవి చూసి నాకే ఆశ్చర్యం వేసింది. వంటింటి కుళాయి సెకనుకి ఒక బొట్టు చొప్పున కారుతోంది. బొట్టేగా అనుకున్నాం. లెక్క వేశాను. రోజుకి 86,400 సెకన్లు, అంటే అన్ని బొట్లు. ఇరవై బొట్లు సుమారు ఒక మిల్లీలీటరు. రోజుకి 4 లీటర్లు దాటాయి. వేసవిలో నీళ్ళు పట్టుకోవడానికి మేము పడే తిప్పలు గుర్తొచ్చాయి. లోపలి రబ్బరు వాషరు మారిస్తే ఆగిపోయింది. అది నేనే మార్చాను. ముందు గేటు వాల్వు కట్టాలని మరిచిపోయి మొహమంతా తడుపుకున్నాను. తమ్ముడు నవ్వాడు. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు మర బిగిసే వైపే చుట్టాలని, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుందని కూడా ఆ రోజే నేర్చుకున్నాను.

నీళ్ళ ట్యాంకు అడుగున ఇసుక, నాచు పేరుకున్నాయి. మూత పగిలి దోమలు లోపలికి వెళుతున్నాయి. కడిగి, కొత్త మూత వేసి, పొంగు గొట్టానికి వల కట్టాం. డాబా మీద ఎండకి పడి ఉన్న ప్లాస్టిక్ పైపు పెళుసుబారింది. దానికి రంగు పూశాం. వేడినీళ్ళ దారికి మాత్రం మామూలు పీవీసీ పనికిరాదు, మెత్తబడిపోతుంది, సీపీవీసీ వెయ్యాలి. స్నానాలగదిలో పాత ఇనుప పైపు తీసేసి అదే వేశాం.

నుయ్యి సంగతి కూడా అప్పుడే తెలిసింది. సముద్రం పక్కన ఇసుకనేలలో వాననీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మోటారు వేసి గబగబా తోడేస్తే పైనున్న మంచినీళ్ళు తరిగి కిందనున్న ఉప్పునీళ్ళు పైకి వస్తాయి. కొద్దికొద్దిగా, ఆగి ఆగి తోడుకోవాలి. మామ్మ రోజుల్లో చేదతో తోడేవారు కాబట్టి నీళ్ళు తియ్యగా ఉండేవట. ఇప్పుడు మేము మోటారు ఒకేసారి కాకుండా పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు వేస్తున్నాం. డాబా మీద పడే వాననీటిని కూడా కాలవలోకి వదలకుండా నూతి పక్కన గుంటలోకి మళ్ళించాం.

చల్లదనం విషయంలో మా ఇల్లే నాకు పాఠం చెప్పింది. మా ఇంట్లో ఏసీ లేదు. అయినా ఈ ఇల్లు ఒకప్పుడు వేసవిలో చల్లగా ఉండేదని మామ్మ అంటూ ఉంటుంది. మరి ఇప్పుడెందుకు ఉడికిపోతోంది? నోటుపుస్తకంలో ఐదో గడిలో "మామ్మ" అని రాసి వెతికాం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను మా ఊరి దగ్గరే తీరం దాటింది. గంటకి 200 కిలోమీటర్లకు పైగా గాలి. నేను అప్పుడు నాలుగేళ్ళ పిల్లని, నాకేమీ గుర్తు లేదు. ఆ రాత్రి వెంటిలేటర్లలోంచి వాన లోపలికి కొట్టిందని, తరవాత వాటికి చెక్కలు దిగ్గొట్టేశారు. మళ్ళీ ఎవరూ తియ్యలేదు. వేడిగాలి పైకి పోతుంది. పైన దారి మూసేస్తే గదిలోనే నిలబడుతుంది. చెక్కలు తీసి, తుపాను వస్తే మూసుకునేలా తలుపులు పెట్టి, వల కొట్టాం. ఆ మే నెలలో ఇంటికి గాలి వచ్చింది. గోడకి ఒకచోట సున్నం మీద సిమెంటు పూసిన భాగం ఉబ్బి రాలుతోంది. సున్నపు గోడ తేమను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగబెడుతుంది, ఉప్పు అక్కడ పూస్తుందని నాన్న చెప్పారు. అదంతా గీకి మళ్ళీ సున్నమే పూయించారు.

వేసవి సెలవుల్లో నాన్నతో ఏసీ పనులకి కూడా వెళ్ళాను. సముద్రం వైపు పెట్టిన బయటి యూనిట్లలో అల్యూమినియం రేకులు చేత్తో ముట్టుకుంటే పొడిలా రాలాయి. రాగి గొట్టం, అల్యూమినియం రేకు, మధ్యలో ఉప్పు తేమ. రెండు వేరు లోహాలు, ఒక లవణ ద్రావణం అంటే అది మన సైన్సు ల్యాబులోని బ్యాటరీయే. దానిలో అల్యూమినియం కరిగిపోతుంది. నెలకోసారి స్విచ్ ఆపి మంచినీళ్ళతో మెల్లగా కడిగితే ఉప్పు పోయి చాలాకాలం మన్నుతుంది. లోపలి జాలీని రెండువారాలకోసారి కడగాలి. నీళ్ళు పోయే గొట్టం వాలుగా ఉందో లేదో చూడాలి. ఒకరింట్లో ఏసీ నీళ్ళు గోడ వెంట దిగి కింద ఉన్న స్విచ్ బోర్డులోకి వెళుతున్నాయి. "ఎన్నాళ్ళ నుంచి?" అని నాన్న అడిగితే, "మా అత్తగారు ఎప్పటినుంచో గోడ తడిగా ఉందంటున్నారు" అన్నారు ఆ ఇంటావిడ. నాన్న నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను.

అక్టోబరు వచ్చేముందు మా పుస్తకంలో ఒక పేజీ తుపాను కోసం ఉంది. ఖాళీ ట్యాంకు గాలికి ఎగిరిపోతుంది కాబట్టి హెచ్చరిక రాగానే నింపాలి, తాళ్ళతో కట్టాలి. తాగేనీళ్ళు విడిగా పట్టుకోవాలి. నీళ్ళు ఇంట్లోకి వచ్చేలా ఉంటే మెయిను తీసెయ్యాలి. తుపాను పోయాక గీజరు, మోటారు, స్విచ్ బోర్డులు తడిశాయేమో చూడకుండా మెయిను వెయ్యకూడదు.

మిత్రులారా, మీ ఇంట్లో గీజరు ఉంటే స్నానానికి ముందు దాని స్విచ్ ఆపెయ్యండి. బకెట్టులో పెట్టే హీటరు కడ్డీ అయితే స్విచ్ ఆపి ప్లగ్గు తీశాకే నీళ్ళు ముట్టుకోండి. కుళాయి చిమచిమలాడుతోందని ఎవరైనా అంటే చలి అనకండి. వెంటనే మెయిను తీసి, పని తెలిసిన మనిషిని పిలవండి. కరెంటు పని మీరే విప్పి చెయ్యబోకండి. మా నోటుపుస్తకంలో ఐదో గడిలో ఎక్కువసార్లు ఉన్న పేరు మామ్మది. రోజంతా ఇంట్లో ఉండేది ఆవిడే. ఇల్లు మొదట చెప్పేది ఆవిడకే.

ఆ ప్రమాదం తరవాత మామ్మ గీజరు నీళ్ళు ముట్టుకోలేదు. అన్నీ కొత్తవి వేశామని నాన్న చెప్పినా వినలేదు. మోకాళ్ళ నొప్పులతోనే పెరట్లో కట్టెలు పేర్చి కాగు పెట్టుకుంది. ఎవరం ఏమీ అనలేకపోయాం. ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం నేను పుస్తకం పట్టుకుని స్నానాలగదిలోకి వెళ్ళి, ఆర్‌సీసీబీ మీట నొక్కి చూశాను, టెస్టరుతో కుళాయి చూశాను, పుస్తకంలో రాసుకుంటున్నాను. మామ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"నువ్వు చూసావేటి?" అంది.

"చూశాను మామ్మా. నాన్న కూడా చూశారు."

కొంచెంసేపు ఆగి, వచ్చి కుళాయి మీద చెయ్యి వేసింది. తిప్పింది. నీళ్ళు వెచ్చగా వచ్చాయి. గీజరు స్విచ్ ఆపి, ఆవిడకి బకెట్టు నింపి, నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

ఇప్పుడు ఎవరైనా మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే పైపుల మిస్త్రీ అని చెబుతున్నాను. ఆదివారాలు నేను కూడా ఆయనతో పనిచేస్తానని చెబుతున్నాను.